వేలాడుతున్న తాళం

ఎవరిస్టో దవడ విరిగింది. జైలు ఆసుపత్రిలో దాన్ని తీగలతో బిగించి కట్టారు కాబట్టి ఆయన ఏం చెప్పినా పళ్ళ సందుల్లోంచే రావాలి. ఎడమ కన్ను వంకాయలా ఉబ్బిపోయింది. ఆడమనిషి మెడకు తాడు బిగించి చంపాడన్న వార్త పాకగానే తోటి ఖైదీలు ఆయన్ని స్నానాల గదిలోకి లాక్కెళ్ళి మర్యాదలు చేశారు. కాపలావాడు అటు తిరిగి నిలబడి గోడకున్న రంగు చూసుకున్నాడట.

"ఎవరిస్టో గారూ, మిమ్మల్ని ఎక్కువ మాట్లాడించను," అన్నాను. "ఇనెస్ ప్రాడో మెడకి చుట్టిన తాడు మీదేనా?"

"నాదే."

"మీ చేతిలోంచి ఎప్పుడు పోయింది?"

ఆయన నొప్పికి కళ్ళు మూసుకున్నాడు. "నగరసభలో. బల్ల మీద. విసిరేసి వచ్చా."

"మళ్ళీ తెచ్చుకోలేదా?"

"విసిరినదాన్ని ఏరుకోవడం... మా ఇంటా వంటా లేదు."

ఆ మాటకే పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఆయన భార్య ఒఫీలియా కొంగులాంటి తన శాలువా అంచుతో తుడిచి, నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. ఆమె ఏడవడం మానేసి రెండు రోజులైంది. ఇప్పుడు కళ్ళలో కోపం మాత్రమే ఉంది.

"రేపు పొద్దున పెద్ద జైలుకి మారుస్తారంట రోసల్బా. అక్కడ ఈయన కోసం కాచుక్కూచున్నారు. మా వీధివాడొకడు లోపల్నించి కబురంపాడు, 'ముసలాడు వస్తే తిరిగిరాడు' అని."

"రేపటికి ముందే ఏదో ఒకటి తేలుస్తాను."

"న్యాయం, ధర్మం తర్వాత సంగతి. ముందు మనిషిని బతికించు తల్లీ. సాయంత్రం మొక్కజొన్న జావ కాచి తెస్తాను. గొట్టం వేసుకుని తాగమందిలే నర్సు."

మోంటే సేకోలో పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక నాకు చాలామంది చాలా పనులు అప్పజెప్పారు. మనిషిని రేపటిదాకా బతికించమని అడిగింది మాత్రం ఒఫీలియా ఒక్కతే.

గొడవంతా పెదర్నాల్ కాలువ గట్టు గురించి. కాలువ వరద నియంత్రణ మండలిది. కొండల మీద వాన పడితే ఆ సిమెంటు కాలువలో నీళ్ళు రైలులా వస్తాయి, మిగతా ఏడాదంతా పిల్లులు పడుకుంటాయి. దాని గట్టు మీద జనం నడవడానికీ, సైకిళ్ళకీ, గుర్రాలకీ దారి వేద్దామని మండలీ నగరమూ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. గట్టు మండలి ఇస్తుంది, దారి వేసి చూసుకునేది నగరం, ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రం భరిస్తుంది. షరతు ఒక్కటే. గడువులోగా ఇద్దరూ సంతకం పెట్టాలి. నగరం పెట్టేసింది. మండలి తరఫున పెట్టాల్సిన ఇంజినీరు ఇనెస్ ప్రాడో పెట్టనంది.

దాంతో గుర్రాలవాళ్ళు భగ్గుమన్నారు. తాతల నాటి నుంచీ ఆ గట్టు మీద గుర్రాలు నడిపినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ సంఘం పెద్ద ఎవరిస్టో నగరసభలో లేచి, తను స్వయంగా తోలుతో అల్లుకున్న తాడు బల్ల మీద విసిరి, "మా గుర్రాల్ని కాదు, మమ్మల్నే కట్టేయండి," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇనెస్ వైపు తిరిగి, "ఈ కాలువే నిన్ను మింగుతుంది చూడు," అని కూడా అన్నాడు. అదంతా కెమెరాలో ఉంది. వారం తిరక్కుండా వెస్పర్ రోడ్డు వంతెన కింద ఇనెస్ శవం దొరికింది. ముఖం నేలకేసి కొట్టినట్టు చితికిపోయింది, మెడకి ఎవరిస్టో తాడు ఉంది. సార్జెంట్ లైల్ డగన్‌కి ఇంకేం కావాలి? అన్నం వండి వడ్డించినట్టే అయింది.

నాకు మాత్రం ఒక తిట్లదండకం దొరికింది. శవం దొరికిన రోజు పొద్దున్నే కరెంటు కంపెనీ లైన్‌మన్ ఒకడు నగర కార్యాలయానికి ఫోన్ చేసి, వంతెన కింద గేటు విషయంలో బూతులు తిట్టాడని అక్కడి రిసెప్షనిస్టు నవ్వుతూ చెప్పింది. అతని పేరు వర్తాన్. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఫోన్ చేశాను.

"తిట్టానమ్మా, మళ్ళీ తిడతాను!" అన్నాడు వర్తాన్. "ముందురోజు మధ్యాహ్నం నా తాళం తీసి లోపలికెళ్ళా, పని చూసుకున్నా, వేసి వచ్చా. తెల్లారి వెళ్తే నా తాళం తీసినా గేటు రాదు! నా తాళాన్ని వదిలేసి వేసుకున్నాడు వెధవ. ఇంకోసారి ఇట్లా చేస్తే గొలుసే కోసేస్తా, ఉద్యోగం పోతే పోనీ."

"ఈరోజు రెండున్నరకి అక్కడికి రాగలవా? పోలీసు ముందు ఇదే చెప్పాలి."

"బూతులతో సహానా?"

"అవి లేకపోతే ఎవరూ నమ్మరు."

నగర ఉపమేనేజరు ప్రెస్టన్ హాల్డేన్‌కీ, డగన్‌కీ మాత్రం గేటు దగ్గరికి ఉదయం పదకొండుకే రమ్మని ముందే కబురు పెట్టాను. హాల్డేన్ చాలా మర్యాదగా మాట్లాడాడు. పదకొండుకి మీటింగు ఉందట, రెండుంబావుకి అయితే తనే వచ్చి గేటు తీస్తానన్నాడు. సరే అని డగన్‌కీ అదే వేళ చెప్పాను. అంత పెద్దమనిషి ఆ పూటే ఎందుకు కావాలన్నాడో అడగాలని అప్పుడు తోచలేదు.

*

వెస్పర్ రోడ్డు దగ్గర దారి గట్టు మీద నుంచి ఏటవాలుగా కిందికి దిగి వంతెన కింద దూరుతుంది. అక్కడ అది కాలువ అడుగుకి కాస్తే ఎత్తు. ఒక వైపు సిమెంటు గోడ, కాలువ వైపు పిల్లలు పడకుండా పైకప్పు దాకా ఇనుప చువ్వలు. అవతలి కొసన గేటు, ఆ దారి ఇంకా పూర్తి కాలేదు కాబట్టి దాన్ని వెల్డింగ్ చేసి మూసేశారు. ఇవతలి కొసన గొలుసు గేటు. మొత్తం మీద పెద్ద కోళ్ళ గంప.

డగన్ అప్పటికే వచ్చి గేటుకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నముల్తున్నాడు. మేమిద్దరం ఒకే జీపులో నాలుగేళ్ళు తిరిగాం. అందుకే ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు.

"ఏంటి రోసల్బా, గుర్రమేమైనా సాక్ష్యం చెప్తానందా?"

"నీకంటే తెలివిగానే చెప్పేది. ముందు ఈ గొలుసు చూడు."

ఇలాంటి గేట్ల దగ్గర మా ఊళ్ళో పద్ధతి ఒకటుంది. నాలుగు శాఖలకి దారి కావాలి, ఒకరి తాళంచెవి ఇంకొకరికి ఇవ్వరు. కాబట్టి ఎవరి తాళం వాళ్ళు తెచ్చి, పూలదండలో పూలలా ఒకదానికొకటి తగిలిస్తారు. గొలుసు ఒక చివర మండలి తాళం, దానికి నగరం తాళం, దానికి కరెంటు వాళ్ళది, దానికి అగ్నిమాపక దళానిది, అక్కడి నుంచి గొలుసు రెండో చివర. ఏ ఒక్కటి తీసినా దండ తెగి గేటు వస్తుంది.

ఇప్పుడు నగరం తాళం తన పక్కనున్న కరెంటు తాళానికి లేదు. దాన్ని దాటేసి అగ్నిమాపక దళం తాళానికి తగిలించి ఉంది. కరెంటు తాళం చూపించి, "ఎవరికీ అక్కర్లేని జూకాలా పక్కన వేలాడుతోంది," అన్నాను.

"అయితే?" అన్నాడు డగన్.

"కరెంటు లైన్‌మన్ ముందురోజు మధ్యాహ్నం ఇందులోంచే వెళ్ళాడు. తెల్లారేసరికి వెళ్ళలేకపోయాడు. మీవాళ్ళు శవం కోసం వచ్చినప్పుడు మండలి తాళం తీశారు, కాబట్టి ఇది అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి ఎవరో నగరం తాళంచెవితో ఈ గేటు తీసి, వేసేటప్పుడు తప్పుగా వేశారు. ఎవరిస్టో దగ్గర ఏ తాళంచెవీ లేదు."

"వాడు పైనున్న కంచె కంతలోంచి వచ్చాడు. గుర్రంతో."

"పైనుంచి వస్తే ఆ వెల్డింగ్ గేటులోంచి గుర్రాన్ని ఎలా దూర్చాడు? మడతపెట్టా?"

డగన్ గింజల తొక్కు నా బూటు దగ్గర ఉమ్మాడు. "గుర్రాన్ని పైన కట్టేసి, ఆవిడ గేటు తీసుకుంటే వెనకాలే దూరాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ తాళమే వేసి పోయాడు. చాలా?"

"ఆవిడది మండలి తాళం, డగన్. తప్పుగా ఉన్నది నగరానిది."

సరిగ్గా అప్పుడే నగరం గుర్తున్న తెల్ల బండి ఏటవాలులో దిగి ఆగింది. హాల్డేన్ దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెరిసే బూట్లు. రెండు చేతులతో నా చేయి పట్టుకుని ఊపాడు.

"పాపం ఇనెస్. చాలా మంచి మనిషండీ."

"సంతకం ఎందుకు పెట్టనంది ఆ మంచి మనిషి?"

"పట్టుదల! ప్రతి వంతెన కిందా లోపలివాళ్ళు తోస్తే తెరుచుకునే గేటు ఉండాలంది. నీళ్ళు వదిలినప్పుడు మనిషి వచ్చి తాళం వేసే పద్ధతి పనికిరాదట, ఎవరైనా లోపల ఉండిపోతే చస్తారట. అవన్నీ పెడుతూ కూర్చుంటే గడువు దాటిపోదూ? రాష్ట్రం ఇచ్చేది వెనక్కి పోతుంది. నేను సభకి మాటిచ్చాను."

"ఎవరిస్టో తాడు సభలో బల్ల మీద ఉండిపోయింది కదా. ఎవరు తీశారు?"

"ఆయనే తీసుకెళ్ళుంటాడు."

"మీరు ఈ గేటుకి ఆఖరిసారి ఎప్పుడొచ్చారు?"

"మచ్చుకి వేసిన ఈ ముక్కకి రిబ్బన్ కత్తిరించిన రోజు. తాళాలూ అవీ మా పార్కు మనుషులు చూసుకుంటారు."

"మరి ఈ తాళంచెవి?"

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. "ఈరోజు కోసం తెచ్చాను."

తాళం తీశాడు. గొలుసు రెండు ముక్కలై వేలాడింది. నేను డగన్‌కి వేలితో చూపిస్తూ కావాలనే గట్టిగా అన్నాను. "పార్కు మనుషులు రోజూ తీసి వేసేవాళ్ళు. పక్క శాఖవాణ్ణి వదిలేసి వేస్తే మర్నాడు వాడొచ్చి అమ్మనాబూతులు తిడతాడని వాళ్ళకి తెలుసు. ఈ తప్పు చేసేది గేటు తీయడం అలవాటు లేనివాడే. కుర్చీలో కూర్చునేవాడు."

హాల్డేన్ నవ్వాడు. మెడ మాత్రం ఎర్రబడింది. డగన్‌కి ఒళ్ళు మండింది, వాడికి కేసు చేజారుతుందన్న భయం. జేబులోంచి ఫోన్ తీశాడు.

"నేను డగన్. ఎవరిస్టోని పెద్ద జైలుకి రేపు కాదు, ఇప్పుడే పంపించేయండి. ఆఁ, ఇప్పుడే. మంచం మీద నుంచే ఎత్తుకుపోండి."

నేను ఫోన్ మీదికి దూకాను. వాడు నా చేయి మెలిపెట్టి వీపుకి ఆనించి గోడకేసి కొట్టాడు. చెంప గీరుకుపోయి నోట్లో రక్తం రుచి తెలిసింది.

"ఆయన్ని చంపుతున్నావు డగన్! అక్కడ కాచుకుని ఉన్నారు!"

"కథలు చెప్పకు. నీ క్లయింటు నీ కళ్ళముందు ఉంటే నువ్విలాగే నా కాళ్ళకి అడ్డం పడుతుంటావు. పద, శవం ఉన్న చోటు చూస్తానన్నావుగా. చూసి దయచెయ్యి."

నన్ను మెడ పట్టుకున్నట్టే లోపలికి తోశాడు. అయినా చూడాల్సింది చూశాను. సిమెంటు మీద బూటు మడమలు ఈడ్చిన రెండు తెల్లటి గీతలు గేటు లోపలి వైపునే మొదలయ్యాయి. గోడ మీద, మనిషి తల ఎత్తున, నల్లగా ఎండిన రక్తపు మచ్చ. జుట్టు పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఇనెస్ తలని ఇక్కడే కొట్టారు, ఒకసారి కాదు.

"పైనుంచి వచ్చినవాడు ఆవిణ్ణి గేటు వైపు నుంచి ఎందుకు ఈడుస్తాడు?" అన్నాను.

డగన్ వంగి గీతల్ని చూశాడు.

అప్పుడు సైరన్ మోగింది. ఎగువన ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలే ముందు మోగించేది. నిన్నమొన్న కొండల్లో పడ్డ వాన నీళ్ళు. ఇక్కడి పద్ధతి ప్రకారం ఎప్పుడు వదిలేదీ మండలి నగరానికి ముందే చెప్పాలి, నగరం మనిషి వచ్చి గేటు వేయాలి. రెండుంబావు ఎందుకన్నాడో నాకప్పుడు అర్థమైంది.

"డగన్, బయటికి! పరిగెత్తు!"

తెల్ల బండి వెనక్కి, వంతెన కిందికి దూసుకొచ్చింది. నేను గోడకి అతుక్కుపోయాను. డగన్ తుపాకీ తీసేలోగానే బండి వెనక బంపరు వాడి కాలుని గోడకేసి నొక్కేసింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే వాడి కేక. తుపాకీ చువ్వల సందులోంచి కాలువలో పడింది. బండి ముందుకి కదిలింది. నేను తలుపు పిడి పట్టుకుని వేలాడాను. హాల్డేన్ కిటికీలోంచి ఇనుప రెంచితో నా వేళ్ళ మీద కొట్టాడు. రెండో దెబ్బకి పట్టు వదిలేశాను. వేళ్ళు ఏమయ్యాయో చూసుకునే ధైర్యం లేదు.

గేటు మూసుకుంది. వాడి తెల్ల చొక్కా, వంగిన వీపు, గొలుసు గలగల. బండి వెళ్ళిపోయింది.

"ప్రాణం పోతోంది రోసల్బా," అన్నాడు డగన్. ప్యాంటు చిరిగి ఎముక బయటికి కనిపిస్తోంది. భుజానికున్న రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు, పైనంతా సిమెంటు కప్పు.

"పోనివ్వను. నీతో ఇంకా పనుంది నాకు."

చంకల కింద చేతులు వేసి గేటు దాకా ఈడ్చాను. వాడు దారంతా అరుస్తూనే ఉన్నాడు. నీళ్ళు మొదట చప్పుడుగా వచ్చాయి, తర్వాత గాలిగా, తర్వాత చువ్వల మధ్య నుంచి గోధుమరంగు గోడలా లోపలికి పడ్డాయి. మోకాళ్ళు, నడుము. కొట్టుకొచ్చిన సూపర్‌మార్కెట్ బండి చువ్వలకి గుద్దుకుని ఢంగుమంది. డగన్ బెల్టుని గేటు జాలీకి కట్టేసి, నేను జాలీ ఎక్కి గొలుసుని లాగాను. ఆ పిచ్చి గేటుని తోశాను, తన్నాను, భుజంతో గుద్దాను. ఇనెస్ అడిగింది ఈ ఒక్కటే కదా అనుకుంటే ఏడుపొచ్చింది. లోపలివాళ్ళు తోస్తే తెరుచుకోవాలి అంది. అందుకే చంపారు ఆవిణ్ణి.

నీళ్ళు డగన్ గడ్డానికి తగిలాయి. వాడు గేటుకి చెంప ఆనించి గొలుసు వైపే చూస్తున్నాడు.

"జూకా," అన్నాడు.

"ఏంటి?"

"కరెంటు తాళం. మళ్ళీ వదిలేశాడు."

చూశాను. నిజమే. చేతికందేలా చివరనే ఉన్న కరెంటు తాళాన్ని వదిలేసి, దాని వెనకదానికి తగిలించిపోయాడు. అదే చేయి, అదే తప్పు.

"వాడే," అన్నాడు డగన్. "హాల్డేనే చంపాడు." నోట్లోకి నీళ్ళు పోయి దగ్గాడు. "నేనొట్టి గాడిదని."

"అది నాలుగేళ్ళ కిందటే తెలుసు. తల పైకెత్తు!"

పైన ఏటవాలులో పసుపు బండి కీచుమని ఆగింది. వర్తాన్ పొట్ట ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, నోరు తెరిచి, తన తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తాళం ఊడి చేతిలోకొచ్చింది. గేటు కదల్లేదు.

"మళ్ళీనా!" అని గావుకేక పెట్టాడు. ఆ తర్వాత అన్నవి రాయలేను.

"గొలుసు కోస్తానన్నావుగా! కొయ్యి!"

వాడు బండి దగ్గరికి పోయి బారెడు కత్తెర తెచ్చేసరికి డగన్ ముక్కు నీళ్ళలో మునిగింది. విరిగిన వేళ్ళతోనే వాడి జుట్టు పట్టి పైకి లాగుతున్నాను. కత్తెర రెండుసార్లు జారింది. మూడోసారి గొలుసు తెగింది. గేటు నీళ్ళ బరువుకి ఒక్కసారిగా తెరుచుకుని మమ్మల్ని వర్తాన్ కాళ్ళ మీదికి విసిరేసింది.

గట్టు మీదికి చేర్చాక డగన్ వాంతి చేసుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. కాలు వైపు చూడలేదు. ముందు రేడియో అందుకున్నాడు.

"డగన్ని. ప్రెస్టన్ హాల్డేన్, నగరం తెల్ల బండి, ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకోండి. ఇంకోటి. ఎవరిస్టోని కదిలించొద్దు. విన్నావా? కదిలించొద్దు!"

రేడియోలో ఆడగొంతు తడబడింది. "ఆయన్ని పంపేశారు సార్. మీరే కదా చెప్పింది. అప్పుడే లోపల అప్పజెప్పేసుంటారు."

"అయితే అక్కడికి చెప్పు! వేరే గదిలో పెట్టమను!"

"చేస్తున్నా సార్. ఎత్తడం లేదు. అక్కడేదో కొట్లాటంట, అన్ని బ్లాకులూ మూసేశారంట."

డగన్ రేడియోని ఒళ్ళోకి జారవిడిచాడు. ఆ ముఖం చూస్తే వాణ్ణి తిట్టాలనిపించలేదు, కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడే జేబులోంచి జీపు తాళంచెవి తీసి నా ఒళ్ళో పడేశాడు.

"పో. సైరన్ వేసుకుని పో. ఎవడాపినా నా పేరు చెప్పు."

పరిగెత్తాను. జీపులో కూర్చుని, మంచి చేత్తో తాళం తిప్పుతుంటే జేబులోంచి తీసి పక్క సీటు మీద పడేసిన నా తడి ఫోన్ మోగింది. ఒఫీలియా.

"రోసల్బా, ఆసుపత్రిలో ఉన్నా. జావ వేడిగా ఉండగానే తెద్దామని తొందరగా వచ్చేశా." ఆమె గొంతులో రెండు రోజులుగా లేని వెలుగుంది. "మంచం ఖాళీగా ఉంది తల్లీ. దుప్పటి కూడా మడతపెట్టేశారు. నువ్వు అన్నంత పనీ చేశావు కదూ? ఇంటికి పంపేశారా ఆయన్ని?"

నేను సైరన్ వేశాను.